రాతిపువ్వులో రెండు జాతులు

బెంగళూరు

ప్రియమైన సుధాకర్‌కు,

నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు మన్నించు. ఇక్కడ అందరమూ క్షేమం. పాపకు బడి మొదలైంది, అమ్మకు మోకాలి నొప్పి కొంత తగ్గింది. మిగిలిన కబుర్లు తరువాత రాస్తాను, ఎందుకంటే ఈ ఒక్క సంగతి నీకు చెప్పేదాకా నాకు మనసు నిలవడం లేదు.

బిర్యానీ మసాలా కోసం కె.ఆర్. మార్కెట్‌లో రాతిపువ్వు కొన్నాను. అది పువ్వు కాదనీ, శిలీంధ్రమూ శైవలమూ కలిసి బతికే లైకెన్ అనీ మనం చదువుకున్నదే. పొట్లం విప్పి పళ్ళెంలో పరిచి భూతద్దంతో చూస్తే, ఒకే పేరుతో అమ్మిన ఆ ముక్కలలో పార్మోట్రీమా ప్రజాతికి చెందిన రెండు జాతులు కలిసి కనిపించాయి: ఒకటి టింక్టోరమ్, రెండవది పెర్లాటమ్. పైన బూడిద రంగు, అడుగున నలుపు, అడుగు అంచున గోధుమ రంగు. ఇంతవరకు రెండూ ఒక్కటే. అయితే టింక్టోరమ్ తమ్మెలు, అంటే ఆకుల్లా పరచుకున్న భాగాలు, వెడల్పుగా ఉంటాయి, వాటి మీద ఇసిడియా అనే అతి సన్నని కాడలు దట్టంగా లేచి వేలికి గరుకుగా తగులుతాయి. పెర్లాటమ్‌కు ఆ కాడలు లేవు. దాని ముడుచుకున్న అంచుల వెంబడి సొరీడియా అనే పొడి పిండి చల్లినట్లు పేరుకొని ఉంటుంది, అక్కడక్కడ పొట్టి నల్లని నూగు కూడా కనిపిస్తుంది. శిలీంధ్రాన్నీ శైవలాన్నీ కలిపి ఒకేసారి కొత్త చోటికి చేర్చడమే ఈ కాడల పనీ, ఈ పొడి పనీ, కాని ఇసిడియాకు పైపొర రక్షణ ఉంటుంది, సొరీడియాకు ఉండదు.

అంచులు విరిగి పొడి అయిన ముక్కల సంగతేమిటని నీవు అడుగుతావు. రంగులు మార్చే రసాయనాలంటే ఇష్టపడే ఫినాఫ్తలీన్ రాయుడూ, నీకు నచ్చే ఘట్టం ఇదే! బ్లేడుతో పైపొరను గీకి, లోపలి తెల్లని పొర మీద బ్లీచింగ్ ద్రావణాన్ని అగ్గిపుల్ల కొనతో చుక్కగా పెట్టాను. టింక్టోరమ్ మీద ఆ చుక్క తక్షణమే చిక్కని ఎరుపుకు తిరిగి, చూస్తూ ఉండగానే వెలిసిపోయింది. పెర్లాటమ్ మీద ఏ మార్పూ లేదు. మొదటిదానిలోని లెకనోరిక్ ఆమ్లం వల్ల ఆ ఎరుపు వస్తుంది. రెండవదానిలో ఉన్నది స్టిక్టిక్ ఆమ్లం కనుక దానికి పొటాషియం హైడ్రాక్సైడ్ తగిలితే పసుపు వచ్చి నారింజ వైపు మళ్ళుతుంది. లైకెన్లను ఇలా రసాయనాలతో గుర్తించే పద్ధతిని 1866లో ప్రచురించినవాడు, పారిస్‌లో స్థిరపడిన ఫిన్లాండ్ శాస్త్రవేత్త విలియం నైలాండర్. నగరం గాలి చెడితే లైకెన్లు మాయమవుతాయని ఆ ఏడాదే పారిస్‌లోని లక్సెంబర్గ్ తోటను చూసి రాసినవాడూ ఆయనే. కంటికి కవలలుగా కనిపించే వాటిని ఒక్క చుక్కతో విడదీయవచ్చునని ఊహించిన ఆ మనిషికి నేను మనసారా నమస్కరించాను.

ఒక్క విషయం మాత్రం బాధగా ఉంది. ఇవి చాలా నెమ్మదిగా పెరుగుతాయి. నా దోసిట్లో పట్టిన ఈ కొద్దిపాటి రాతిపువ్వు అడవిలో ఎన్నేళ్ళ పెరుగుదలో, మనం దాన్ని బస్తాలకెత్తి... సరే, దాని గురించి నీవు వచ్చినప్పుడు మాట్లాడుకుందాం.

రెండు కాగితపు మడతలలో చెరొక జాతి ముక్కలు పెట్టి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. పేర్లు రాయలేదు. చుక్క పెట్టి ఏది ఏదో నీవే తేల్చి రాయి. ముందు పైపొర గీకడం మాత్రం మరచిపోకు, ఆఫీసు బస్సు వచ్చేసింది, ఉంటాను.

నీ
మూర్తి