వేడిపాలు మాత్రం పొయ్యబాక

ఒరేయ్ శీనా,

ఫోన్లో నువ్వడిగినదానికి "రాస్తాలే" అని పెట్టేశాను గదా, ఇదిగో రాస్తా ఉండా. ఆ హాస్టల్ టిఫిను నోట్లో పెట్టలేకపోతున్నావు, రూములో కరెంటు కెటిల్ తప్ప పొయ్యి పెట్టనీరు, అట్టపెట్టెల్లో వచ్చే కార్న్‌ఫ్లేక్సో మరోటో కొనుక్కుందామంటే అంగట్లో అరలకు అరలు నిండి ఉన్నాయి, ఏది తీసుకోమంటావు అని గదా నీ గోల. అడగాల్సినవాణ్ణే అడిగావు. ఈ సెమిస్టరంతా మా రూములో చదువు కన్నా ఆ పరీక్షలే ఎక్కువ జరిగాయి.

నెల్లూరులో ఉండి పొద్దున్నే పాలల్లో ఫ్లేకులు తినడమంటే మాటలు కాదురా. మాగుంట లేఅవుట్లో మా సందు దాటగానే కారం దోసె బండి. పెనం మీద దోసె ఉండగానే ఎర్రకారం పూసి, పప్పులపొడి చల్లి, అంచుల్లో నూనె తిప్పుతాడు. ఆ ఘాటు మేడమీద మా కిటికీ దాకా వస్తుంది. కానీ ఎనిమిదింటికి క్లాసు. ఆ గుంపులో నిలబడితే మన దోసె వచ్చేసరికి అటెండెన్సు అయిపోతుంది. అందుకని మా రమణ (కనిగిరివాడు, పోయినసారి నీతో చదరంగం ఆడి అలిగినవాడు) ఒకనాడు కిలో కార్న్‌ఫ్లేక్స్ సంచి తెచ్చి మంచం మీద పడేశాడు. "రేపట్నించి ఇదే మన టిఫిను" అన్నాడు.

మా దగ్గర ఫ్రిజ్ ఏడుంది? పాలపాకెట్టు కింద ఓనరాంటీ ఫ్రిజ్‌లో పెట్టుకోనిచ్చింది, పాపం. కానీ కాయని పాలు తన ఫ్రిజ్‌లో ఉండటం ఆమెకి మనసొప్పదు. ఆ పాలు డెయిరీలో 72 డిగ్రీల దగ్గర పదిహేను సెకన్లు వేడిచేసి చల్లార్చే వస్తాయి ఆంటీ, నేరుగా తాగొచ్చు అని మా రూములోనే ఉండే భాస్కర్ ఎంత చెప్పినా, "మీ పుస్తకాల్లో ఉండేది నాకు చెప్పబాక నాయనా" అని కాచేసి, పొగలు కక్కే గిన్నె చేతికిచ్చేది. ఆ పాలు ఫ్లేకుల మీద పోస్తే ఏమైతదో చెప్పాలా? చెంచా వెతుక్కునేలోపు జావ.

ఇది మా ఒక్కళ్ల అవస్థ కాదులే. కెల్లాగ్స్ వాళ్లు 1994లో మన దేశానికొచ్చినప్పుడు వాళ్లకీ ఇదే అడ్డం తగిలింది. వాళ్లేమో చల్లటి పాలు పోసుకుని కరకరా నమలండి అన్నారు, మనమేమో పాలంటే కాచినవే, వేడివే. పొద్దున్నే చల్లటిపాలు తాగితే జలుబు చేస్తుందనే అమ్మలు మన ఊళ్లలో ఇప్పటికీ ఉన్నారు గదా.

అసలు కరకర ఎట్ట వస్తుందో తెలిస్తే వేడిపాలు ఎందుకు పనికిరావో నీకే తెలిసిపోతుంది. మొక్కజొన్న గింజలో పొట్టూ, మొలకా తీసేసి, మిగిలిన నూకని మాల్టు (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ సరుకు), చక్కెర, ఉప్పు కలిపి ఆవిరి మీద ఉడికిస్తారు. కొంచెం ఆరబెట్టి పెద్ద పెద్ద రోలర్ల మధ్య పలచగా నొక్కి, బాగా వేడిగా ఉన్న ఓవెన్లో వేయిస్తారు. లోపలి తేమ ఒక్కసారిగా ఆవిరై పోయేటప్పుడు ఒంటి మీద చిన్న చిన్న బుడగలు లేస్తాయి. ఒక ఫ్లేకు తీసుకుని కిటికీకి ఎత్తి పట్టుకుని చూడు, అప్పడానికి లేచినట్టే పొక్కులు కనిపిస్తాయి. ఆ పొక్కులే కరకర. వాటిల్లోకి పాలు దిగితే కథ అయిపోయినట్టే, వేడిపాలైతే ఇంకా తొందరగా దిగుతాయి.

దీని పుట్టుక కూడా తమాషాగా ఉంటుందిరా. అమెరికాలో మిషిగన్ రాష్ట్రం, బాటిల్ క్రీక్ అనే ఊళ్లో జాన్ హార్వీ కెల్లాగ్ అని ఒక డాక్టరు శానిటోరియం (రోగులు ఉండి వైద్యం చేయించుకునే చోటు) నడిపేవాడు. మాంసం వద్దు, మసాలా వద్దు, చప్పగా తినండి అనే రకం. (నెల్లూరులో పుట్టుంటే ఆయన వైద్యం ఒక్కరోజు సాగేది కాదు.) 1894లో ఉడికించిన గోధుమపిండి పనిలో పడి అట్టాగే వదిలేస్తే, తర్వాత రోలర్లలో నొక్కినప్పుడు రేకులు రేకులుగా వచ్చింది. మొక్కజొన్న సంగతి ఆ తర్వాత. తమ్ముడు విల్ కీత్ కెల్లాగ్ 1906లో కంపెనీ పెట్టి, చక్కెర కలిపి అమ్మాడు. చక్కెర కలపడం అన్నకి ఇష్టం లేదు. అన్నదమ్ములు కోర్టుల దాకా పోయారు. ఇప్పుడు అరల్లో చాక్లెట్, తేనె, స్ట్రాబెర్రీ రకాలన్నీ చూస్తే ఎవరు గెలిచారో తెలుస్తూనే ఉంది.

సరే, మా పరీక్షల సంగతికొస్తా. ఆంటీతో రాజీ ఏమిటంటే, ఆమె రాత్రే పాలు కాచి, చల్లారాక ఫ్రిజ్‌లో పెడుతుంది. పొద్దున మీగడ తీసి ఆమెకి, పాలు మాకు. పెరుగు చిలికి నెయ్యి చేసుకుంటుంది కాబట్టి ఆమెకీ లాభమే. ఏ పాలైతే బాగుంటాయని కూడా చూశాం. టోన్డ్ పాలల్లో వెన్న మూడు శాతం, ఫుల్ క్రీమ్‌లో ఆరు. మామూలు కార్న్‌ఫ్లేక్స్‌కి ఫుల్ క్రీమే. చప్పటి ఫ్లేకుకి ఆ చిక్కదనం ఉంటేనే రుచి. చాక్లెట్ రకానికి టోన్డ్ చాలు, లేకపోతే మొహం మొత్తుతుంది.

ఆదివారం ఒకటి కళ్లకి గంతలు కట్టి తినిపించాం. పేరున్న పెట్టెవి ఒక స్టీలు గిన్నెలో, సంతపేటలో లూజుగా తెచ్చినవి ఇంకో గిన్నెలో. భాస్కర్ కళ్లకి తువ్వాలు. వట్టివి తింటే వాడికి తేడా తెలియలా, రెండోదే పేరున్నది అని బల్లగుద్ది చెప్పాడు, అది లూజుది. పాలు పోశాక మాత్రం బయటపడింది. లూజుది మరీ పలచన, రెండు చెంచాలు తినేలోపు వాలిపోయింది. పెట్టెది కొంచెం మందం, అడుగు దాకా నిలబడింది. తొందరగా తినేవాడికి ఆ తేడాకి డబ్బులు పెట్టడం దండగ. నువ్వు పేపరు చదువుతా తినేవాడివి గాబట్టి పెట్టెదే కొనుక్కో.

చాక్లెట్ గవ్వల్లాంటివి ఉంటాయే, పది రూపాయల చిన్న పాకెట్లు కూడా దొరుకుతాయి, అవి. నిజం చెప్పాలంటే తినడానికి అవేమంత గొప్పగా ఉండవు. తిన్నాక గిన్నెలో మిగిలే పాలే అసలు సరుకు. గోధుమరంగు తిరిగి, చల్లగా, తియ్యగా... రమణ వాటి కోసం గిన్నె ఎత్తి తాగుతాడు, నేను చూడనప్పుడు నాది కూడా. కానీ పెట్టె వెనక చదువు. నేను చూసినదాంట్లో నూరు గ్రాములకి చక్కెర పాతిక గ్రాముల పైనే ఉంది. వాళ్లు రాసే ఒక పూట కొలత 30 గ్రాములు, అంటే దగ్గర దగ్గర రెండు చెంచాల చక్కెర. టిఫిను అనుకుని తినబాక, పకోడీ తిన్నట్టు సాయంత్రం తిను. తేనె రాసిన రకం గురించి ఎక్కువ చెప్పను. పంటికి అతుక్కుంటుంది, మూత సరిగ్గా పెట్టకపోతే చీమలు.

వెనక చదవడమంటే గుర్తొచ్చింది. పదార్థాలన్నీ బరువులో ఏది ఎక్కువో అది ముందు రాయాలని రూలు. ఒక కంపెనీ రాగి ఫ్లేకులని అమ్ముతా ఉంది, ముందుపక్క రాగికంకుల బొమ్మ, మట్టికుండ, పల్లెటూరి అవ్వ. తిప్పి చూస్తే మొదట గోధుమపిండి, తర్వాత చక్కెర, రాగులు ఎక్కడో కింద. మా అవ్వ కాచే రాగిసంగటి తిన్న నోరురా మనది, మనకేనా ఈ బొమ్మలు చూపించేది?

మ్యూస్లీ అని ఓట్స్, ఎండుద్రాక్ష లాంటివి కలిపి అమ్ముతారే, అది మంచిదే, ధరే మంచిది కాదు. స్విట్జర్లాండులో బిర్షర్ బెన్నర్ అనే డాక్టరు తన రోగుల కోసం మొదలుపెట్టాడంట. ఆయన గిన్నెలో ఎక్కువ ఉండింది తురిమిన ఆపిల్ పండు, నానబెట్టిన ఓట్స్ ఒక చెంచాడే. ఇప్పుడు పాకెట్లో లెక్క తిరగబడింది, అంతా ఓట్సే, ఎండుద్రాక్ష వెతుక్కోవాలి. మా రూములో అదీ ఉండదు, రాత్రిపూట ఎవరో ఏరుకు తినేస్తున్నారు. ఎవరో నాకు తెలుసు. ఓట్స్ ఒక్కటే నీ కెటిల్‌కి సరిపోయేది. వేడినీళ్లు పోసి మూత పెడితే చాలు. నాకైతే జ్వరమొచ్చినప్పటి గంజి గుర్తొస్తుంది, నిమ్మకాయ ఊరగాయ లేకుండా దిగదు.

ఇంకోటి చెప్పాలి, నవ్వుతావు. సంచి అయిపోతే రమణ మళ్లీ తెచ్చాడు గదా, ఈసారి అంగట్లో చవగ్గా ఉన్నాయని తెచ్చినవి నూనెలో వేయించే మొక్కజొన్న అటుకులు. చూడ్డానికి కొంచెం అట్టాగే ఉంటాయి, కాకపోతే పసుపుపచ్చగా, గాజుపెంకుల్లాగా మెరుస్తాయి. పాలు పోసి పది నిమిషాలైనా పన్ను దిగలా. ఆంటీ చూసి పొట్టచెక్కలయ్యేట్టు నవ్వి, సంచి తీసుకుపోయి, కాగిన నూనెలో గుప్పెడు గుప్పెడు వేసింది. వేసిన క్షణంలో బుస్సుమని పొంగి పైకి తేలాయి. వేరుశెనక్కాయ గింజలు, కరివేపాకు, వెల్లుల్లి కారం కలిపి డబ్బాడు మిక్చరు చేసిచ్చింది. ఈ సెమిస్టరులో మొక్కజొన్నతో మేం తిన్న వాటిల్లో అదే ఫస్టు, అందులో రెండో మాట లేదు.

ఇక ఆకలి. ఆ 30 గ్రాములు ఎంతో చూద్దామని కిరాణా అంగడి కాటాలో తూచాం. గుప్పెడుకి కొంచెం పైన, అంతే! దాంతో ఎనిమిదింటికి క్లాసుకి పోతే పదిన్నరకి కడుపులో పేగులు అరుస్తాయి. కారం దోసె రెండు తింటే మధ్యాహ్నం దాకా ఆ ఊసే ఉండదు. అందుకని మేం వేయించిన వేరుశెనక్కాయ గింజలు గుప్పెడు, ఒక అరటిపండు ముక్కలు కోసి కలుపుతాం. చక్కెర వెయ్యం, అరటిపండే చాలు. గింజలు చివర్న వెయ్యి, ఫ్లేకులు మెత్తబడ్డా అవన్నా కరకరలాడతాయి.

ఎండలు ముదిరాక ఆ చల్లటి గిన్నె విలువ ఇంకా తెలిసింది. ఏప్రిల్లో మేడమీద రూములో తెల్లారేసరికే చెమటలు, అప్పుడు పెనం పక్కన నిలబడాలంటే దోసె మీద ప్రేమ కూడా కరిగిపోతుంది.

కాబట్టి మామూలు కార్న్‌ఫ్లేక్స్ చిన్న పెట్టె కొను, పెద్దది వద్దు. తెరిచిన రోజే గట్టి మూత డబ్బాలో పొయ్యి, గాలి తగిలితే మెత్తబడతాయి. మెత్తబడితే పారెయ్యబాక, ఇంటికి తీసుకుపోయి వట్టి బాణలిలో సన్నసెగ మీద కాసేపు కదిపితే మళ్లీ లేస్తాయి. హాస్టల్ క్యాంటీన్‌లో చల్లటిపాలు దొరుకుతాయేమో కనుక్కో, దొరక్కపోతే ఈ ఫ్లేకుల జోలికే పోబాక. మన అటుకులే తెచ్చుకో. వాటికి మెత్తబడటమే అందం, కెటిల్లో కాచిన పాలు పోసి బెల్లం వేసుకుంటే ఏ పెట్టెదీ వాటి ముందు నిలబడదు.

సెలవులకి ఒంగోలు పోతావు గదా, వచ్చేటప్పుడు జొన్న అటుకులు దొరికితే అరకిలో పట్టుకురా. పాలల్లో కన్నా మజ్జిగలో, పచ్చిమిరపకాయ నంజుకుంటే బాగుంటాయని భాస్కర్ పందెం కాస్తా ఉండాడు. అమ్మని అడిగానని చెప్పు.

నీ
గోపి