స్క్రీన్ మీద రంగు చూసి కంగారు పడకండి

శుభలేఖలకు ఆర్డరిచ్చినవాళ్లందరికీ, ముఖ్యంగా మాఘమాసం ముహూర్తాలవాళ్లకి ఈ కబురు.

ఈమధ్య ప్రూఫ్ చూడ్డానికి షాపుకొచ్చిన కొందరు మా పాత కంప్యూటర్ స్క్రీన్‌ని ఫోన్‌తో ఫొటో తీసి ఇంటికి పంపారు. అందులో పసుపు అంచు ఆకుపచ్చగా, ఎర్రగా ఉండాల్సిన "శ్రీరస్తు శుభమస్తు" నల్లగా, తెల్ల కాగితమేమో లేత నీలంగా కనిపించింది. పెళ్లి పత్రికలో నలుపేంటని పెద్దవాళ్లు ఫోన్లు చేశారు. వాళ్లు అడగడంలో తప్పేమీ లేదు. కానీ ఫైల్లో రంగులు సరిగ్గానే ఉన్నాయి, ప్రింటూ సరిగ్గానే వస్తోంది. ఆ ఫొటోలు ఫ్యామిలీ గ్రూపుల్లో ఇంకా తిరుగుతుంటే దయచేసి తీసేయండి.

ఆ కంప్యూటర్‌కి, మానిటర్‌కి మధ్య ఉన్నది వీజీఏ కేబుల్. అదే, నీలం మూతితో 15 పిన్నులుండేది. అందులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం వేర్వేరు పిన్నుల మీద వెళ్తాయి. మాకు పోయింది ఎరుపు. స్క్రీన్ మీద ఎరుపు, ఆకుపచ్చ కలిస్తేనే పసుపు. ఎరుపు రాకపోతే మిగిలేది ఆకుపచ్చే. ఇక ఎర్ర అక్షరాల్లో ఎరుపు తప్ప ఇంకేం లేదు కదా, అందుకే నల్లబడ్డాయి.

మానిటర్ పోయింది, కొత్తది కొనేయమని వచ్చినవాళ్లంతా సలహా ఇచ్చారు. కొనే ముందు మానిటర్ కింద ఉండే మెనూ బటన్ నొక్కి చూశాం. ఆ మెనూని మానిటర్ తనే గీసుకుంటుంది, కంప్యూటర్ నుంచి వచ్చేది కాదు. అందులో ఎరుపు చక్కగా ఎర్రగానే ఉంది. అంటే మానిటర్‌కి రోగం లేదు. కేబుల్ మార్చాం, బాగుపడింది. సీపీయూని కాస్త జరిపేసరికి మళ్లీ మొదటికొచ్చింది. చివరికి తేలిందేంటంటే, మదర్‌బోర్డు (కంప్యూటర్ లోపలి పెద్ద బోర్డు) మీద కేబుల్ గుచ్చే పోర్టే వదులైపోయింది. మీ ఇళ్లలో పాత డెస్క్‌టాప్ ఉంటే, రంగులు మారినప్పుడు ముందు ఆ మెనూ తెరిచి చూడండి. చాలాసార్లు మానిటర్ ఖర్చు తప్పుతుంది.

పొద్దున్నే అసలు డిస్‌ప్లే రాకపోవడం వేరే సంగతి. ఫ్యాన్ తిరిగేది, లైటు వెలిగేది, స్క్రీన్ మాత్రం నలుపు, లోపల్నుంచి బీప్ బీప్‌మని కూత. అది ర్యామ్, అంటే కంప్యూటర్ మెమరీ పలక, చేసిన తంటా. కరెంటు ప్లగ్ పీకేసి, ర్యామ్ తీసి, దాని బంగారు రంగు పళ్లని పెన్సిల్ రబ్బరుతో తుడిచి మళ్లీ గట్టిగా నొక్కితే వచ్చేసింది. దుమ్ము, తేమ, అంతే. బోర్డు మీద కొన్ని కెపాసిటర్లు తలలు ఉబ్బి ఉంటే వాటినీ మార్పించాను.

"ఆ డొక్కు పారేసి కొత్తది కొనొచ్చుగా" అని అడుగుతున్నారు. కొత్తది పక్కనే ఉంది, ఫ్లెక్సీలు, విజిటింగ్ కార్డులు అన్నీ దాని మీదే. కానీ మీలో సగం మంది "మా అక్క పెళ్లికి వేసిన కార్డే, పేర్లు మార్చి ఇవ్వండి" అంటారు. ఆ ఫైళ్లన్నీ పేజ్‌మేకర్ 7 అనే పాత పేజీ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో, అను అనే తెలుగు ఫాంట్లలో ఉన్నాయి. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. దాని తర్వాత వచ్చిన సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్, సీఎస్6 వెర్షన్ వరకూ ఆ ఫైళ్లని తెరిచేది, ఆ తర్వాత వచ్చిన వెర్షన్లు తెరవవు. సీఎస్6లో తెరిచినా లైన్లు జరిగిపోతాయి, మళ్లీ మొత్తం సర్దుకోవాలి. ఆ ఫాంట్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ, ఫోన్లూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) కూడా కాదు, మేటర్ కాపీ చేసి ఇంకోచోట వేస్తే అర్థంలేని గుర్తులొస్తాయి. అందుకని పాత విండోస్ ఎక్స్‌పీ ఉన్న ఆ మెషిన్‌ని బతికించుకుంటున్నాం. ఎక్స్‌పీకి అప్‌డేట్లు 2014లోనే ఆగిపోయాయి కాబట్టి దానికి ఇంటర్నెట్ పెట్టలేదు, బయటి పెన్‌డ్రైవులు గుచ్చనివ్వం. ఏమీ అనుకోవద్దు.

ప్రస్తుతానికి పాడైన పోర్టు వదిలేసి విడిగా పాత గ్రాఫిక్స్ కార్డు (స్క్రీన్‌కి బొమ్మని పంపేది) ఒకటి వేశాం. కొత్త కార్డులకి ఎక్స్‌పీ డ్రైవర్లు రావు, వెతికి పట్టుకోవాల్సి వచ్చింది. రంగులు బాగున్నాయి. అక్షరాలు మాత్రం లావుగా, మసగ్గా కనిపించాయి. మా 17 అంగుళాల చదరం మానిటర్‌కి తగ్గట్టు 1280x1024కి మారిస్తే తేరుకున్నాయి. ఇది ఇంకెన్నాళ్లు పనిచేస్తుందో హామీ ఇవ్వలేను. అందుకే పాత పెళ్లికార్డులన్నీ పీడీఎఫ్‌లుగా దాచి పెడుతున్నాం.

ఇక ముందు స్క్రీన్ మీద పేర్లు, ముహూర్తం, ఫంక్షన్ హాలు అడ్రసు మాత్రమే సరిచూసుకోండి. రంగు కోసం షాపులో ఒక కలర్ ప్రింటు తీసిస్తాం, దానికి డబ్బులు తీసుకోం. వాట్సాప్‌లో పంపేదాంట్లోనూ రంగు ఫోన్‌కో రకంగా ఉంటుంది. బంగారు ఫాయిల్ మెరుపైతే ఏ స్క్రీన్ మీదా తెలియదు, శాంపిల్ ఆల్బమ్‌లో కార్డు పట్టుకుని చూడాల్సిందే.

ఈ వారం ఇవ్వాల్సిన కార్డులు రెండు మూడు రోజులు ఆలస్యమవుతాయి. ముహూర్తం ఎవరిది ముందుంటే వాళ్లవే ముందు. రేట్లు పెంచలేదు.

పాత కార్డు ఫైలు కావాల్సినవాళ్లు పెళ్లికొడుకు ఇంటిపేరు, పెళ్లయిన ఏడాది చెప్పండి, ఫైళ్లు ఇంటిపేర్ల మీదే ఉన్నాయి. మధ్యాహ్నం పూట వస్తే మంచిది. పొద్దున ఆ మెషిన్ మీద బిల్లు బుక్కుల పని నడుస్తుంటుంది.