లింకు ఇచ్చినందుకు బిల్లా?

సంపాదకులు గారికి నమస్కారం.

పత్రికల వార్తలకు లింకు ఇచ్చే వెబ్‌సైట్లు ఎంతో కొంత కట్టాల్సిందేనని, కెనడాలో తెచ్చిన చట్టం లాంటిదే మన దగ్గరా తేవాలని ఈ మధ్య మీ పేజీలో వచ్చిన వ్యాసం చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. పత్రికల బాధ అర్థం కాక కాదు. ప్రకటనల డబ్బంతా గూగుల్‌కీ ఫేస్‌బుక్‌కీ పోతోంది, జిల్లా పేజీలు చిక్కిపోయాయి, మండల విలేకరికి నెలకు చేతికొచ్చేది ఎంతో మీకు నేను చెప్పక్కర్లేదు. కానీ ఆ కోపం తీసుకెళ్లి లింకు మీద చూపిస్తే ఎలా?

లింకు అంటే ఏముంది, వార్త ఫలానా చోట ఉంది వెళ్లి చదువుకోండి అని చెప్పే అడ్రసు. నొక్కినవాడు మీ సైటుకే వస్తాడు, మీ ప్రకటనలే చూస్తాడు, చందా కడితేనే చదవనిస్తామని మీరు తలుపు వేసుకుంటే అదీ మీ ఇష్టమే. తాపేశ్వరంలో కాజాల కొట్టుకు దారి చెప్పినవాణ్ణి ఆపి, కాజాల డబ్బులు నువ్వు కట్టు అన్నట్టుంది ఈ వ్యవహారం.

పెద్ద కంపెనీలనే కదా అడిగేది, మనకేంటి అనుకునేవాళ్లు ఐర్లాండ్ సంగతి తెలుసుకోవాలి. ఇంట్లో హింస పడే ఆడవాళ్లకు సాయం చేసే విమెన్స్ ఎయిడ్ అనే స్వచ్ఛంద సంస్థ అక్కడ ఉంది. తమ గురించి పేపర్లలో వచ్చిన వార్తలకు తమ సైట్లో లింకులు పెట్టుకుంది, అంతే. 2012లో పత్రికల తరఫున లైసెన్సు ఫీజులు వసూలు చేసే సంస్థ నుంచి డబ్బు కట్టమని తాఖీదులు! దానికో రేట్ల పట్టిక కూడా ఉంది: 5 లింకుల దాకా 300 యూరోలు, 10 దాకా 500, అలా పెరుగుతూ పోయి 26 నుంచి 50 లింకులకు 1,350 యూరోలు, 50 దాటితే కూర్చుని బేరం మాట్లాడుకోవాలట. విమెన్స్ ఎయిడ్ లాయర్ సైమన్ మెక్‌గార్ 2012 డిసెంబరు ఆఖర్లో ఇదంతా బయటపెట్టేసరికి పెద్ద గోలే అయింది. మామూలు జనం జోలికి రామని, వ్యాపారానికి వాడుకునేవాళ్లనే అడుగుతామని పత్రికల సంఘం సర్దిచెప్పుకుంది గానీ, లింకు చూపించడం కాపీరైటు ఉల్లంఘనేనన్న వాదన మాత్రం వదల్లేదు. ఆడవాళ్లకు ఆసరా ఇచ్చే సంస్థ వ్యాపారం కిందికి ఎలా వచ్చిందో మరి.

ఆ వాదన ఎంతోకాలం నిలబడలేదు. కొందరు స్వీడన్ జర్నలిస్టులు తమ వ్యాసాలకు లింకులిచ్చిన ఒక సైటు మీద వేసిన కేసులో, నెట్‌లో అందరికీ ఉచితంగా తెరిచి ఉంచినదానికి లింకు ఇవ్వడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదని యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2014 ఫిబ్రవరిలో తేల్చి చెప్పింది.

జర్మనీలో వార్తల ముక్కలు చూపించినందుకు డబ్బు కట్టమని చట్టం తెచ్చి మరీ అడిగారు. అదే 2014లో గూగుల్ ఆ పత్రికల ఫోటోలూ హెడ్డింగ్ కింద వచ్చే రెండు ముక్కలూ తీసేసి వట్టి హెడ్డింగూ లింకూ ఉంచింది. సెర్చ్ నుంచి వచ్చే పాఠకులు దాదాపు 40 శాతం పడిపోయారని అందరికంటే గట్టిగా పోరాడిన ఆక్సెల్ స్ప్రింగర్ అనే పత్రికల కంపెనీయే చెప్పుకుని, రెండు వారాలకే ఉచితంగా వాడుకోండని అనుమతి ఇచ్చేసింది. స్పెయిన్ ఇంకో అడుగు ముందుకేసి, మాకు డబ్బు వద్దన్న పత్రిక కూడా ఆ హక్కు వదులుకోడానికి వీల్లేదని చట్టంలో రాసుకుంది. ఆ ఏడాది డిసెంబరులో అక్కడ గూగుల్ న్యూస్ మూతపడింది, మళ్లీ తెరిచింది 2022లో.

ఇక మీ వ్యాసకర్త మెచ్చుకున్న కెనడా. వార్త దొరికేలా ఏ రకంగా దారి చూపించినా బేరానికి రావాల్సిందేనని అక్కడ 2023 జూన్‌లో చట్టం చేశారు. గూగుల్ బేరమాడి ఏడాదికి 10 కోట్ల కెనడా డాలర్లకు ఒప్పుకుంది, అది కాదనను. ఫేస్‌బుక్ సొంతదారు మెటా మాత్రం ఆగస్టు 1 నుంచి అక్కడ ఫేస్‌బుక్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో వార్తలే ఆపేసింది. అదే నెలలో అడవి మంటలు ముంచుకొచ్చి ఎల్లోనైఫ్ అనే ఊరు ఊరంతా, సుమారు 20 వేల మంది, ఖాళీ చేసి పోవాల్సి వచ్చింది. ఏ రోడ్డు తెరిచి ఉందో చెప్పే వార్తకు లింకు పెడితే ఫేస్‌బుక్ కనపడనివ్వదు, జనం స్క్రీన్‌షాట్లు తీసి పంచుకున్నారు. మెటా చేసింది మంచిదని నేను అనడం లేదు, ఊళ్లు కాలిపోతుంటే కూడా దిగిరాకపోవడం మొండితనమే. కానీ లింకుకు ధర కడితే, కొననని చెప్పే హక్కు అవతలివాడికి వస్తుందని చట్టం రాసినవాళ్లకు తట్టకపోవడమేంటి?

ఇందులో మన తెలుగువాళ్లూ ఉన్నారండోయ్. ఆ నిషేధం కెనడా పత్రికలతో ఆగలేదు, బయటి దేశాల పత్రికలకూ వర్తించింది. కెనడాలోని బ్రాంప్టన్‌లో ఉన్న మా మేనల్లుడు ఫేస్‌బుక్‌లో తెలుగు పేపర్ల పేజీలు తెరిస్తే ఖాళీగా కనిపిస్తాయి, ఊళ్లో ఏం జరిగిందో వాళ్లమ్మ వాట్సాప్‌లో ఈ-పేపర్ కటింగ్ పంపితే తెలుస్తుంది. ఆ కటింగ్ వల్ల మీకు పైసా రాదు, లింకు అయితే కనీసం మనిషి మీ సైటుకు వచ్చేవాడు.

మన దేశంలో అడగాల్సిన ప్రశ్న అసలు వేరే ఉంది, దాన్ని అడిగారు కూడా. ప్రకటనల ఆదాయంలో గూగుల్ ఎంత ఉంచుకుంటోందో, ఎంత ఇస్తోందో లెక్కలే చెప్పదని డిజిటల్ న్యూస్ పబ్లిషర్స్ అసోసియేషన్ ఫిర్యాదు చేస్తే, 2022 జనవరిలో మార్కెట్లో పోటీ సక్రమంగా ఉందో లేదో చూసే కాంపిటీషన్ కమిషన్ విచారణకు ఆదేశించింది. ఆ పోరాటంలో నేను మీ పక్షమే. అలాగే మీ విలేకరి ఎండలో తిరిగి రాసిన వార్తను మొత్తానికి మొత్తం ఎత్తి తన సైట్లో పెట్టుకునేవాడి మీదా, వార్తల సారం పిండి జవాబులుగా ఇచ్చేసి పాఠకుణ్ణి మీ దాకా రానివ్వని ఏఐ కంపెనీల మీదా కేసులు వేయండి. వాళ్లు సరుకే పట్టుకుపోతున్నారు. వాళ్లనూ, నాలుగు లింకులు పెట్టుకున్న కాలనీ సంఘాన్నీ, టీచర్ల సైటునూ ఒకే గాటన కట్టకండి. 2012లో సవరించిన మన కాపీరైటు చట్టం కూడా లింకులు ఇవ్వడం కోసం కంప్యూటర్లలో జరిగే తాత్కాలిక నిల్వను, హక్కుదారు ప్రత్యేకంగా వద్దని చెప్పనంతవరకు, ఉల్లంఘన కాదనే అంటోంది.

చివరగా మీ సైటు గురించి ఒక మాట. డిజైన్ మార్చాక పాత లింకులు ఏవి నొక్కినా హోం పేజీకి తీసుకుపోతున్నాయి. గోదావరి వరదల మీద మీరు వేసిన మంచి కథనాలు కొన్ని దాచుకున్నాను, ఇప్పుడు ఒక్కటీ తెరుచుకోవడం లేదు. లింకుకు రేటు సంగతి తర్వాత చూద్దాం, ముందు మీ టెక్నికల్ వాళ్లకు చెప్పి వాటిని పనిచేయించండి.

ఇట్లు,
మీ పాత చందాదారుడు,
రాజమండ్రి