కెనడా, రష్యా న్యూస్‌ప్రింట్ ఎగుమతి విలువలు: మా కొటేషన్‌తో ఇకపై ఏ లెక్క పంపుతామంటే

మా దగ్గర న్యూస్‌ప్రింట్ రీళ్లు తీసుకునే ప్రెస్సుల వారికి నమస్కారం.

రేటుతో పాటు కెనడా, రష్యా ఎగుమతి విలువల్ని పక్కపక్కన పెట్టి చూపించమని అడుగుతున్నారు. తప్పకుండా పంపుతాం. కానీ మొత్తం విలువల గ్రాఫు మాత్రం ఇవ్వం. ఉత్తర అమెరికాలో పత్రికల అమ్మకాలు పడిపోయి మిల్లులు వరసగా మూతపడ్డాయి, కెనడా మొత్తం విలువా తగ్గుతూ వచ్చింది. కాగితం చవకైందని దానర్థం కాదు, వెళ్లిన టన్నులు తగ్గాయి.

కాబట్టి చూడాల్సింది టన్నుకు సగటు విలువ. ఐక్యరాజ్యసమితి వాణిజ్య లెక్కల పట్టిక కామ్‌ట్రేడ్‌లో, న్యూస్‌ప్రింట్‌కు కస్టమ్స్ ఇచ్చిన 4801 కోడ్ కింద డాలర్ విలువ, కిలోల్లో నికర బరువు ఉంటాయి. విలువను బరువుతో భాగించి వెయ్యితో గుణించాలి. బరువు అంచనా వేసిందని గుర్తు ఉంటే ఆ ఏడాదిని మేం పక్కన పెట్టేస్తాం. ఇంకో మాట: యాంత్రిక గుజ్జుతో (కర్రను యంత్రంతో నూరి తీసిన గుజ్జు) చేసిన కొన్ని మెరుగైన రకాలు 4802.61 కోడ్‌లోకి పోతాయి, వాటిని ఇందులో కలపకూడదు.

అసలు చిక్కు 2022 నుంచి. ఆ ఏడాది ఏప్రిల్‌లో రష్యా కస్టమ్స్ వివరమైన వాణిజ్య లెక్కలు ప్రచురించడం ఆపేసింది. ఆ తర్వాతి సరుకును కొన్న దేశాల దిగుమతి పట్టికల్లోనే వెతుక్కోవాలి. ఎగుమతి విలువ ఎఫ్‌ఓబీ, అంటే ఓడ ఎక్కించేదాకా. దిగుమతి విలువ ఎక్కువ దేశాల్లో సీఐఎఫ్, అంటే ఓడ కిరాయి, బీమా కలిపి. ఈ రెంటినీ ఒకే గీతగా అతికిస్తే రష్యా కాగితం రాత్రికి రాత్రి ఖరీదైనట్టు కనిపిస్తుంది. అందుకే రెండు దేశాలకూ మొదటి ఏడాది నుంచీ భారత్ దిగుమతి లెక్కే వాడతాం. అమెరికా లెక్క వాడం: కెనడా సరుకు అక్కడికి రైళ్లలో, లారీల్లో వెళ్తుంది, మన ఓడ కిరాయితో దానికి పొంతన లేదు.

డాలర్ గీత ఒక్కటే చూసినా సరిపోదు. 2014 మొదట్లో డాలరుకు 33 రూబుళ్లు, 2015లో సగటున 61 దాకా. అంటే రష్యా మిల్లు డాలర్ ధర తగ్గించి కూడా చేతికి ఎక్కువ రూబుళ్లు తెచ్చుకోగలిగింది. డాలర్లలో టన్ను సగటు తగ్గితే మిల్లు నష్టపోయిందనుకోవద్దు. కెనడా డాలర్ 2012లో అమెరికా డాలరుకు దాదాపు సమానం, 2016 జనవరిలో ఒక దశలో 70 అమెరికా సెంట్లలోపుకు పడింది. గ్రాఫులో సొంత కరెన్సీ గీత కూడా వేస్తాం.

2018 మీద చుక్క గుర్తు ఉంటుంది. కెనడా కాగితంపై అమెరికా జనవరిలో మొదలుపెట్టిన తాత్కాలిక సుంకాలు ఆగస్టు చివర్లో ఆ దేశపు అంతర్జాతీయ వాణిజ్య కమిషన్ ఓటుతో పోయాయి. ఎగుమతి విలువలో సుంకం కలవదు, కొన్నవాళ్ల బిల్లులో కలుస్తుంది.

ఇక మీకు నిజంగా డబ్బు మిగిల్చేది జీఎస్‌ఎం, అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములన్నది. కస్టమ్స్ పట్టికలు బరువే చూస్తాయి, మీరు అచ్చువేసేది వైశాల్యం మీద. 48.8 జీఎస్‌ఎం అయితే టన్నుకు 20,492 చదరపు మీటర్లు, 45 అయితే 22,222, 42 అయితే 23,810. టన్ను ధర 5 శాతం ఎక్కువున్నా 45 కంటే 42 వైశాల్యం లెక్కన సుమారు 2 శాతం చవక. అయితే పలుచటి కాగితంలో వెనకవైపు అచ్చు ఎక్కువ కనిపిస్తుంది, బలం తక్కువైతే రీలు తెగుతుంది. తెగిన ప్రతిసారీ పోయే వేస్టును మీ మెషీన్ మీద లెక్కగట్టి ఆ 2 శాతంతో పోల్చుకోండి. కొటేషన్‌లో టన్ను ధర పక్కనే వెయ్యి చదరపు మీటర్ల ధర వేస్తున్నాం. సరుకు దిగగానే రీలు లేబుల్‌పై జీఎస్‌ఎం సరిచూసుకుని, తేడా ఉంటే రీలు విప్పకముందే చెప్పండి.