మా రిజిస్టర్ ఎవరికివ్వాలో చెప్పండి: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు.

హైదరాబాద్‌లో అంబర్‌పేట వైపు, మూసీకి దగ్గరగా ఉన్న కొన్ని బస్తీల్లో ఇల్లిల్లూ తిరిగే ఒక ఆరోగ్య వేదికలో నేను పనిచేస్తున్నాను. వేదిక అంటే పెద్ద ఆఫీసేమీ లేదు. పొదుపు సంఘం అక్కలు, అంగన్‌వాడీ టీచరమ్మ, ఇద్దరు ఆశాలు, మసీదు కమిటీ నుంచి ఒక పెద్దాయన, చర్చి నుంచి ఒకామె, మెడికల్ షాపు తమ్ముడు, అర్ధరాత్రి నొప్పులొచ్చినా బండి తీసే ఆటో అన్న, డిగ్రీ చదివే పిల్లలు నలుగురు. ఎవరి సంఘం వాళ్ళదే. ఆరోగ్యం దగ్గరికి వచ్చేసరికి అందరం ఒకచోట కూర్చుంటాం. అంగన్‌వాడీలో పిల్లలు వెళ్ళిపోయాక వాళ్ళ చాపల మీదే మా మీటింగ్. రిజిస్టర్లు రాసే పని నాది.

ఇంతమంది ఎందుకని మొదట్లో నాక్కూడా అనిపించేది. రంజాన్‌లో షుగర్ పేషెంట్లు ఉపవాసం ఉండేముందు డాక్టర్‌ను అడిగి మందుల వేళలు మార్చుకోవాలని నేను గల్లీ గల్లీ తిరిగి చెప్పినా తల ఊపి ఊరుకున్నారు. అదే మాట జుమ్మా నమాజ్ తర్వాత పెద్దాయన చెప్తే మర్నాడు దవాఖానా ముందు లైన్ కట్టారు. ఆషాఢంలో బోనాలకు గుడి దగ్గర ఆడవాళ్ళంతా చేరతారు కాబట్టి బీపీ మిషన్ అక్కడికే తీసుకెళ్తాం. సికింద్రాబాద్‌లో జరిగే లష్కర్ బోనాలు 1813 నాటి కలరా మొక్కు నుంచే మొదలయ్యాయని పెద్దవాళ్ళు చెప్తారు. అమ్మవారి గుడి నీడలో బీపీ చూస్తుంటే ఎవరూ కొత్తగా అనుకోలేదు.

ఇక నేను రాసే రిజిస్టర్ల సంగతి. మా అక్కల్లో ఒకామె ఇళ్ళల్లో పనిచేస్తుంది. పొద్దున రెండిళ్ళు, సాయంత్రం ఒకటి. మధ్యలో దొరికే రెండు గంటల్లో తన గల్లీలో బీపీ, షుగర్ ఉన్నవాళ్ళను చూసి వస్తుంది. బాగున్నారా అని అడిగి వెనక్కి తిరగదు. మందుల డబ్బా తెమ్మంటుంది. గోలీల షీటు చేతిలోకి తీసుకుని ఎన్ని మిగిలాయో వేలితో తడిమి లెక్కపెడుతుంది. ఒకరోజు ఒక పెద్దమ్మ ఇంట్లో లెక్క తప్పింది. బస్తీ దవాఖానాలో నెలకు సరిపడా బీపీ గోలీలు ఇచ్చి పద్దెనిమిది రోజులే అయింది, షీట్లన్నీ ఖాళీ. "ఎలుకలు కొట్టుకపోయినయ్ బిడ్డా" అంది పెద్దమ్మ. అక్క ఏమీ అనలేదు. గడప మీద కూర్చుని చాయ్ తాగి, ఆ మాటా ఈ మాటా మాట్లాడింది. లేచేటప్పుడు పెద్దమ్మే చెప్పింది: "ఆయనకు సుత బీపీ ఉందమ్మా. నావే ఇద్దరం మింగుతున్నం."

ఆయన ఒక అపార్ట్‌మెంట్లో వాచ్‌మన్. పొద్దున ఏడింటికి పోతే రాత్రి ఎనిమిదింటికి వస్తాడు. మా దవాఖానా సాయంత్రం నాలుగింటికి మూస్తారు. ఒకరోజు మానేస్తే ఆ రోజు జీతం కట్. అందుకని పదిహేను రోజులు ఇద్దరూ మింగుతారు, మిగతా పదిహేను రోజులు ఇద్దరూ ఊరుకుంటారు.

దవాఖానా రికార్డులో పెద్దమ్మకు నెల మందులు ఇచ్చినట్టే ఉంటుంది. అది తప్పు రాత కాదు, అక్కడి సిస్టర్ తన పని సరిగ్గానే చేసింది. కానీ ఆ గోలీలు ఎవరెవరు మింగారన్నది మా రిజిస్టర్లోనే ఉంది. బీపీ చాలామందికి నొప్పి తెలియకుండా ఏళ్ళ తరబడి గుండెనూ కిడ్నీలనూ పాడుచేస్తుంది. మందులు లేని ఆ పదిహేను రోజుల్లో ఆయనకో, ఆమెకో పక్షవాతం వస్తే ఆ ఇల్లు మళ్ళీ లేవదు. బస్తీ దవాఖానాలు 2018లో మొదలైనప్పుడు ఎంత సంతోషించామో నాకు గుర్తుంది. గల్లీ చివర డాక్టర్, పైసా లేకుండా మందులు, రక్తపరీక్షలు. ఆ మేలు మరిచిపోయే మనుషులం కాదు. వారానికి ఒక్క రోజైనా రాత్రి ఎనిమిదిన్నర దాకా తెరిచి ఉంచితే ఆ వాచ్‌మన్ కూడా తన పేరు మీద తన మందులు తీసుకుంటాడు.

రెండోది డ్రమ్ముల సంగతి. మా దగ్గర నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. వచ్చిన కాసేపట్లోనే తాగేవీ వాడుకునేవీ పట్టుకోవాలి కాబట్టి ప్రతి ఇంటి ముందూ నీలం డ్రమ్ము ఉంటుంది. డెంగీ దోమకు మురుగు అక్కర్లేదు, ఈ మంచినీళ్ళే కావాలి. నీటి మట్టానికి కాస్త పైన, డ్రమ్ము లోపలి గోడకు గుడ్లు అంటించి పోతుంది. నీళ్ళు పారబోసినా అవి అక్కడే ఉంటాయి. ఎండిపోయి నెలల తరబడి బతికి, మళ్ళీ నీళ్ళు తగలగానే పొదుగుతాయి. వారం పది రోజుల్లో దోమ తయారు. కాబట్టి డ్రమ్మును ఖాళీ చేస్తే సరిపోదు, పీచు పెట్టి గట్టిగా రుద్దాలి. నీళ్ళు నిలవ ఉంచుకోవద్దని మా అక్కలు ఎవరికీ చెప్పరు. నల్లా రాని రోజు ఎట్లా గడుస్తుందో వాళ్ళకు తెలుసు.

డిగ్రీ పిల్లలు సెల్‌ఫోన్ టార్చి వేసి డ్రమ్ములోకి చూస్తారు. వెలుతురు పడగానే వంకర్లు తిరుగుతూ అడుక్కి పోయే పురుగులు కనిపిస్తే ఇంటామెను పిలిచి చూపిస్తారు. ఒకసారి కళ్ళతో చూసిందంటే ఇంక చెప్పాల్సిన పని ఉండదు. డ్రమ్ము మూతి మీద పాత చీర ముక్క పరిచి, సైకిల్ ట్యూబు నుంచి కోసిన రబ్బరు చుట్టూ బిగించడం మాకు పంక్చర్ షాపు ఆయన నేర్పాడు. దోమ దూరదు, ఖర్చూ లేదు.

మొన్నటి వానాకాలం మొదట్లో ఒకే గల్లీలో పదకొండు డ్రమ్ముల్లో పురుగు దొరికింది. ఆ గల్లీ చివరికి నల్లా నీళ్ళు సరిగ్గా ఎక్కవు, అందుకే అక్కడివాళ్ళు ఎక్కువ రోజులు నిలవ పెట్టుకుంటారు. ఇంటి నంబర్లతో సహా రాసుకుని ఒక ఆఫీసుకు వెళ్ళాం. మా సెక్షన్ కాదన్నారు. రెండో చోట, నీళ్ళ సంగతైతే ఇంకో డిపార్ట్‌మెంట్ అన్నారు. మూడో చోట కాగితం తీసుకున్నారు గానీ ముట్టినట్టు ముద్ర వేసివ్వలేదు. మూడు వారాలకు ఆ గల్లీలో జ్వరాలు మొదలయ్యాయి. ఏడో తరగతి పిల్లాడు ప్లేట్‌లెట్లు పడిపోయి ఐదు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ ఐదు రోజులూ వాళ్ళమ్మ ముఖం చూడలేకపోయాను. పిల్లాడు క్షేమంగా వచ్చాడు. ఆ తర్వాత ఫాగింగ్ బండి వచ్చింది. పొగ ఎగిరే దోమను చంపుతుంది, డ్రమ్ములో పెరిగేదాన్ని ఏమీ చేయదు.

దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న చూసింది మన సికింద్రాబాద్‌లోనే. నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి ఆయన పేరే పెట్టుకున్నాం. అలాంటి ఊళ్ళో డ్రమ్ముల లిస్టు చేతిలో పట్టుకుని మూడు ఆఫీసులు తిరిగాం, మంత్రి గారూ. ఆ రోజు తిరిగొచ్చేటప్పుడు పిల్లలు నన్నడిగారు, "ఇంక రాయడం ఎందుకు మేడమ్?" అని.

మేం కొత్త పథకం అడగడం లేదు. 2013లో వచ్చిన జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్‌లోనే ఉంది: బస్తీల్లో 50 నుంచి 100 ఇళ్ళకు ఒక మహిళా ఆరోగ్య సమితి ఉండాలి, దాని చేతికి ఏడాదికి 5,000 రూపాయలు ఇవ్వాలి. మా గల్లీల్లో ఆ సమితి కూర్చోగా మేం చూడలేదు. దాన్ని నిజంగా కూర్చోబెట్టండి. నెలకొకసారి, ఒక ఖాయమైన రోజున, బస్తీ దవాఖానాలోనే. డాక్టర్, ఏఎన్ఎం, ఆశా, అంగన్‌వాడీ టీచర్‌తో పాటు జీహెచ్ఎంసీ దోమల విభాగం నుంచి ఒకరు, జలమండలి లైన్‌మన్ తప్పకుండా రావాలి. మా లాంటి వేదికల వాళ్ళకు కూడా అక్కడ చోటుండాలి. ముందు నెల ఏం చెప్పాం, దానికి ఏం జరిగింది అన్నది అందరి ముందూ చదవాలి. ఆ పదకొండు డ్రమ్ముల గల్లీకి కావాల్సింది మందు కాదు, నల్లా ప్రెషర్. ఆ ముక్క ఆరోగ్య శాఖ ఒక్కటే కూర్చుంటే ఎప్పటికీ బయటికి రాదు.

మా వాళ్ళ గురించి ఒక మాట. సేవ అనగానే దానికి డబ్బు అక్కర్లేదనుకుంటారు. షీట్లు లెక్కపెట్టే అక్క రిజిస్టర్ ఇవ్వడానికి ఆఫీసుకు వస్తే ఆ పూట ఒక ఇంటి పని పోతుంది, ఆ ఇంటావిడ మాట పడాలి. ఆటో అన్న ఎంతమందిని పెట్రోలు డబ్బులు కూడా తీసుకోకుండా తీసుకెళ్ళాడో నా రిజిస్టర్లో ఉంది. మీటింగుకు వచ్చిన రోజు కూలీ, ఛార్జీలు, ఇంటి ముందు నిలబడితే "ఎవరమ్మా నువ్వు" అని అడగకుండా మెడలో ఒక కార్డు, ఇవైనా ఇప్పించండి. ఇక ఆశాలు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశపు ఆశా కార్యకర్తలకు గ్లోబల్ హెల్త్ లీడర్స్ అవార్డు ఇచ్చినప్పుడు మా ఇద్దరు ఆశాలకూ శాలువాలు కప్పాం. స్థిర వేతనం కోసం వాళ్ళు ఇప్పటికీ ధర్నాలకు పోతున్నారు. ఆ రోజుల్లో గర్భిణుల లిస్టు మేమే చూసుకుంటాం, వాళ్ళు అడిగేది న్యాయమని మాకు తెలుసు కాబట్టి.

ప్రతి నెలా రెండో శనివారం సాయంత్రం ఐదింటికి అంగన్‌వాడీ గదిలో కూర్చుంటాం. మీరు రాలేకపోతే, సంతకం పెట్టి కాగితం తీసుకునే అధికారం ఉన్నవాళ్ళను ఒకరిని పంపండి. పెద్దమ్మ ఇంటి పేజీ, పదకొండు డ్రమ్ముల పేజీ మడత పెట్టి ఉంచాను. వచ్చినవాళ్ళకు ముందు అవే చూపిస్తాను.

ఇట్లు,
బస్తీ ఆరోగ్య వేదికలో రిజిస్టర్లు రాసే కార్యకర్త,
హైదరాబాద్