సముద్రం కనపడని గది

విశాఖపట్నం,
ఆదివారం పొద్దున్న

చిరంజీవి చిన్నికి అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అంతా కులాసా. మీ నాన్న మోకాలి నొప్పి మామూలే. రైతుబజారుకి నడిచి వెళ్ళొద్దంటే వినరు, రెండు సంచులూ మోసుకొచ్చి సాయంత్రమంతా మూలుగుతారు. మొన్న ఫోనులో నువ్వన్నదానికి అప్పుడే జవాబు చెప్పలేకపోయాను. ఏడుపు గొంతుతో మాట్లాడితే నేను "సరేలే, సరేలే" అనేస్తానని నీకు తెలుసు. ఆ సరేలేని పట్టుకుని ఉద్యోగం మానెయ్యడానికి అమ్మ ఒప్పుకుందని నాన్నతో చెప్పావట. అందుకే ఈ కాగితం తీశాను.

నువ్వన్నది ఇదీ. నవల ఎనభై పేజీల దగ్గర ఆగి ఆరు నెలలైంది. డ్యూటీ నుంచి వచ్చాక బుర్ర పనిచెయ్యటం లేదు. ఉద్యోగం మానేసి వైజాగ్ వచ్చి, బీచ్ రోడ్డు వైపు సముద్రం కనపడే గది ఒకటి తీసుకుంటే ఏడాదిలో పూర్తవుతుంది. పేరున్న రచయితలంతా అలాగే రాస్తారు.

ఆ చివరి ముక్క దగ్గరే నాకు పేచీ.

నేను రచయితని కాను. కానీ పదహారేళ్ళు రచయితల కాగితాలు టైపు కొట్టినదాన్ని. కోర్టు దగ్గర మేడమెట్ల కింద నా గది నీకు లీలగా గుర్తుండాలి. పగలు టైపు లోయరూ హయ్యరూ పరీక్షలకి నేర్చుకునే పిల్లలు, సాయంత్రం జాబ్ వర్కు. లాయర్ల పిటిషన్లు, అద్దె కాగితాలు, యూనివర్సిటీ వాళ్ళ థీసిస్‌లు, అప్పుడప్పుడు కథలు. రచయితలు నాకు వాళ్ళ పుస్తకాలతో కాదు, కొట్టివేతలతో పరిచయం.

వాళ్ళలో ఒకాయన ఉండేవారు. పేరు రాయను, వాళ్ళ పిల్లలు ఈ ఊళ్ళోనే ఉన్నారు. వచ్చినప్పుడల్లా పిప్పరమెంటు ఇచ్చేవారని నువ్వు "బిళ్ళల తాతగారు" అనేదానివి. ఆయనే. పోర్టులో గుమాస్తా. వీక్లీలకి సీరియల్సు రాసేవారు. చేతిరాత కోడి కెలికినట్టు ఉండేది, కంపోజిటర్లు గొడవపెడుతున్నారని నా దగ్గర టైపు చేయించుకునేవారు. వీక్లీకి పైకాపీ, ఆయనకి కార్బన్ కాపీ. పొద్దున్న ఐదు నుంచి ఏడు దాకా రాసి, డ్యూటీకి వెళ్తూ నా బల్ల మీద ఆ రోజు పేజీలు పడేసి, సాయంత్రం వచ్చి పట్టుకెళ్ళేవారు. సాధారణంగా ఐదు పేజీలు. ఒక్కోరోజు ఒకటే. ఒకటైనా సరే తెచ్చేవారు. "ఇది చెత్త పేజీ, అయినా కొట్టమ్మా" అనేవారు.

చెత్తని తెలిసీ డబ్బులిచ్చి టైపు ఎందుకు చేయించడమని నాకు ఆశ్చర్యంగా ఉండేది. మన తెలుగు మిషను మీద ఒత్తులూ గుణింతాలూ విడివిడిగా కొట్టుకుంటూ పోవాలి, అదేం తేలిక పని కాదు. ఒకసారి అడిగేశాను. "నా రాతలో ఉన్నంతసేపూ అది నా పిల్ల, తిట్టలేను. నువ్వు కొట్టాక పరాయివాడి పేజీలా కనపడుతుంది, అప్పుడు కత్తిరిస్తాను" అన్నారు. నిజంగానే కత్తిరించేవారు. మూడు నాలుగు రోజులు పోయాక ఆ కార్బన్ కాపీ ఎర్ర సిరాతో నిండిపోయి నా దగ్గరకే తిరిగొచ్చేది. రాసే రోజున మాత్రం ఎర్ర సిరా ముట్టేవారు కాదు. నువ్వు ఒక పేరా రాసి పదకొండు సార్లు దిద్దుతానన్నావు చూడు, అది వింటే ఆయన ఏమనేవారో!

అసలు కథ ఇప్పుడు చెప్తాను. నీకింకా పుట్టుక లేదు, నాకు పెళ్ళీ కాలేదు. ఆయన పేజీలు ఎప్పుడూ సగం వాక్యంలో ఆగిపోయేవి. "ఆమె తలుపు తీసేసరికి గుమ్మంలో" — అంతే, అయిపోయింది. మొదట్లో పేజీ ఎక్కడో పడిపోయిందనుకుని బల్ల కింద వెతికేదాన్ని. తర్వాత అలవాటైపోయింది. ఒకరోజు నా తెలివి కొద్దీ, ఏమిటిలా సగంలో వదిలేస్తారని, "గుమ్మంలో మామగారు నిలబడి ఉన్నారు" అని పూర్తిచేసి, చక్కగా చుక్క కూడా పెట్టి ఇచ్చాను. మర్నాడు ఆయన పేజీలు తేలేదు. ఆ మర్నాడూ తేలేదు. మూడోనాడు వచ్చి కుర్చీలో కూలబడి, "పొద్దున్న లేస్తే నాకు మొదటి మాట తెలిసి ఉండాలి తల్లీ. ఆ సగం నేను కావాలని ఉంచుకున్నది. నువ్వు పెట్టిన మామగారు నా బుర్రలోంచి పోవటం లేదు" అన్నారు. ఆ వారం పత్రికకి ఆలస్యమైంది. నాకు తల కొట్టేసినట్టయింది.

చాలా ఏళ్ళ తర్వాత ద్వారకానగర్ లైబ్రరీలో చదివాను, అమెరికా రచయిత హెమింగ్‌వే కూడా ఇదే పని చేసేవాడట. తర్వాత ఏం జరుగుతుందో తెలిసిన చోటే ఆ పూటకి కలం కింద పెట్టేసేవాడు. మన గుమాస్తా గారు హెమింగ్‌వేని చదివి చేశారో, సొంతంగా కనిపెట్టారో ఇప్పుడు అడగటానికి మనిషి లేరు.

ఆ సంఘటనకి పరిహారంగా అన్నట్టు ఆయనే నాకు ఒక స్టెనోగ్రాఫరు కథ చెప్పారు. నేను షార్ట్‌హ్యాండు నేర్చుకుంటున్న రోజులు. 1865లో రష్యా రచయిత దొస్తోయెవ్‌స్కీ ఒక ప్రచురణకర్త దగ్గర డబ్బు తీసుకుని ఒప్పందం రాసిచ్చాడు. మరుసటి ఏడాది నవంబరు 1 లోగా కొత్త నవల ఇవ్వకపోతే, తొమ్మిదేళ్ళపాటు ఈయన రాసినదంతా ఆయన పైసా ఇవ్వకుండా అచ్చేసుకోవచ్చు. అక్టోబరు వచ్చింది, ఒక్క పేజీ లేదు. అప్పుడు అన్నా గ్రిగోర్యెవ్‌నా అని ఇరవయ్యేళ్ళ స్టెనోగ్రాఫరు పనిలోకి వచ్చింది. రోజూ ఆయన చెప్తుంటే షార్ట్‌హ్యాండులో రాసుకుని, రాత్రి ఇంటి దగ్గర శుభ్రమైన ప్రతి తీసి, మర్నాడు పట్టుకెళ్ళేది. ఇరవయ్యారు రోజుల్లో 'జూదరి' నవల అయిపోయింది. ఇద్దామని వెళ్తే ప్రచురణకర్త ఊళ్ళో లేకుండా తప్పుకున్నాడు. ఆ కాగితాలు పోలీసు ఠాణాలో అప్పజెప్పి రసీదు తీసుకోవాల్సి వచ్చింది! తర్వాత ఆ అమ్మాయినే పెళ్ళి చేసుకున్నాడు, అది వేరే సంగతి.

ఈ కథ చెప్పినవాళ్ళంతా "చూశావా, మెడ మీద కత్తి ఉంటే ఎలా రాస్తారో" అంటారు. నాకలా అనిపించదు. కత్తి చాలా నెలల నుంచీ మెడ మీదే ఉంది, ఏం రాశాడు? రోజూ ఒక పిల్ల పెన్సిలు చెక్కుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది. ఆమె రాసుకోవాలి కాబట్టి ఈయన ఏదో ఒకటి చెప్పాలి. రాయించింది ఆ కుర్చీ.

ఇక నీ ఉద్యోగం సంగతి. ట్రోలప్ అని ఇంగ్లండులో ఒకాయన, 47 నవలలు రాశాడు. ముప్ఫై మూడేళ్ళు పోస్టాఫీసు ఉద్యోగి. వీధుల్లో నిలబెట్టే పోస్టు డబ్బాలు అక్కడ రావడానికి ఆయన సలహా కూడా ఒక కారణం. పొద్దున్న ఐదున్నరకల్లా బల్ల ముందు కూర్చునేవాడు. తనని లేపి కాఫీ ఇవ్వడానికి పనివాడికి ఏడాదికి 5 పౌండ్లు ప్రత్యేకంగా ఇచ్చేవాడు. మొదటి అరగంట నిన్న రాసింది చదువుకోవడం, తర్వాత గడియారం ముందు పెట్టుకుని పావుగంటకి 250 మాటలు. టైపు మాస్టరమ్మని కదా, లెక్క కట్టాను. నిమిషానికి 17 మాటలు కూడా లేవు. మన లోయర్ పిల్లలకే పరీక్షలో నిమిషానికి 30 కావాలి! అంత నిదానంగా కదిలిన చెయ్యి అన్ని నవలలు రాసింది. రైల్లో ప్రయాణం చేస్తూ పెన్సిలుతో రాస్తే వాళ్ళావిడ శుభ్రంగా ఎత్తి రాసేది. ఆవిడ పేరు ఎవరికీ గుర్తుండదు, టైపిస్టుని కాబట్టి నాకు కొంచెం కడుపు మండుతుంది. ఆవిడ పేరు రోజ్.

అంతదూరం ఎందుకు, మన రావిశాస్త్రి గారు. ఈ ఊరి లాయరు. మద్యనిషేధం రోజుల్లో కోర్టుకొచ్చిన సారా కేసుల మనుషులే ఆయన 'ఆరు సారా కథలు' పుస్తకంలోకి నడిచి వచ్చారు. ఆయన ప్రాక్టీసు మానేసి సముద్రం చూస్తూ కూర్చుని ఉంటే ఆ మాటలు ఎక్కడ వినేవారు? మా గుమాస్తా గారి చొక్కా జేబులో కూడా టౌను బస్సు టికెట్లు కట్టలుగా ఉండేవి, వెనకంతా రాతలు. పేజీలతో పాటు పొరపాటున ఒకటి నా దగ్గరకి వచ్చేసింది. పూర్ణా మార్కెట్లో ఇద్దరు ఆడవాళ్ళ మాటలు: "ఏటి ఆలోసిస్తన్నావు?" "ఏటీ నేదు, కోపం ఒస్తాదేమో అని సూస్తన్నాను." ఆ టికెట్టు తిరిగి ఇచ్చేశాను. ఆ మాట మాత్రం మర్చిపోలేదు.

నీ ఎనభై పేజీలూ రెండుసార్లు చదివాను చిన్నీ. ప్రాణం ఉన్నవి ఏవో చెప్పనా? రాత్రి పదకొండున్నరకి ఆఫీసు క్యాబ్‌లో వస్తూ, డ్రైవరు కూతురి కాలేజీ ఫీజు గురించి ఎవరితోనో ఫోనులో బతిమాలుతుంటే, వెనక సీట్లో ముగ్గురూ నిద్ర నటిస్తారు చూడు, అవి. మూడో అమ్మాయి కళ్ళు మూసుకునే తన జీతం లెక్కేసుకుంటుంది. అది చదివి నేను వంటింట్లోకి వెళ్ళి ఊరికే నిలబడ్డాను. ఇక సముద్రం మీద పదకొండు పేజీలు రాశావు. కోప్పడకు, అవి నేను దాటేశాను. నువ్వు పుట్టినప్పటి నుంచీ చూస్తున్న సముద్రం, నీకు దాంట్లో కొత్తగా కనపడింది ఏమీ లేదు.

గది మాటకొస్తే, మాయా ఏంజెలో అని అమెరికా రచయిత్రి, ఇల్లుండగా హోటల్లో గది తీసుకుని రాసేది. పొద్దున్న ఆరున్నరకి వెళ్ళి మధ్యాహ్నం దాకా. ఆ హోటలు గది గోడల మీది బొమ్మలన్నీ తీయించేసేదట! లోపల ఒక బైబిలు, ఒక నిఘంటువు, ఒక షెర్రీ సీసా. సీసా సంగతి నాన్నతో అనకు. గోడ మీది బొమ్మే అడ్డమనుకున్న మనిషి ఆవిడ, నువ్వు ఏకంగా బంగాళాఖాతాన్నే కిటికీకి తగిలించుకుంటానంటున్నావు.

ఉద్యోగం మానేసి రాసినవాళ్ళు లేరని కాదు. జపాను రచయిత మురకామి తన జాజ్ బారు 1981లో అమ్మేసి పూర్తిగా రాతలోకి వచ్చాడు. కానీ అప్పటికి రెండు నవలలు అచ్చయ్యాయి, అవి రాత్రి బారు మూసి ఇంటికొచ్చాక వంటింటి బల్ల దగ్గర రాసినవి. నీకొకటి పూర్తవనీ, అప్పుడు ఈ మాట మళ్ళీ మాట్లాడుకుందాం. కాదనను. ఎక్కువ రాయడమే గొప్పని కూడా నేననను. మన కారా మాస్టారు, అదే కాళీపట్నం రామారావు గారు, విశాఖలోనే బడిలో పాఠాలు చెప్పుకుంటూ రాసినవి కొద్ది కథలే. తర్వాత తనవి పక్కనపెట్టి 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టి అందరి కథలూ పోగుచేశారు. రాయకపోయినా తప్పులేదు. రాయాలని ఉండి, ఆరు నెలలుగా కుమిలిపోతూ కూర్చోవడమే నాకు చూడబుద్ధి కావటం లేదు.

నీ లాగిన్ మధ్యాహ్నం రెండింటికి. డ్యూటీ నుంచి వచ్చాక రాయమని నిన్నెవరు అడిగారు? తొమ్మిదింటికి లేచి పది దాకా ఫోను చూస్తావు, నేను వాట్సాప్‌లో చూస్తూనే ఉంటాను. ఆ గంటలో నలభై నిమిషాలు చాలు. కాగితం మీద రాయి. ఎంత రాస్తే అంత, పేజీ అయినా సగమైనా, ఫోటో తీసి నాకు పంపు. చెత్తయినా పంపు. నాకిప్పుడు కంప్యూటరు మీద తెలుగు వచ్చు, మధ్యాహ్నం నిద్ర ఎలాగూ పట్టదు. సాయంత్రానికి టైపు చేసి నీకు పంపిస్తాను. పదిన్నర దాటి ఫోటో రాకపోతే ఫోను చేస్తాను. నువ్వెత్తకపోతే నాన్న చేత చేయిస్తాను. సగం వాక్యంలో ఆపు. నేను పూర్తిచెయ్యను, ఒట్టు.

సంక్రాంతికి గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి టికెట్టు ఇప్పుడే చేసుకో, తర్వాత వెయిటింగ్ లిస్టే. డాబా మీద గదిలో పాత సామానంతా నాన్నా నేనూ తీసేశాం. బల్ల వేశాం, కుంటి కాలు కింద అట్టముక్క పెట్టాం. కిటికీలోంచి పక్కింటివాళ్ళ వాటర్ ట్యాంకు కనపడుతుంది, అంతకంటే ఏమీ కనపడదు.

ఉంటాను.
మీ అమ్మ