వెక్టర్ పీడీఎఫ్ తెరిచినప్పుడు అక్షరాలు మసకబారడంపై ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం వారికి,

విషయం: మీ ఇమేజ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ పీడీఎఫ్‌లోని అక్షరాలను ఏ హెచ్చరికా లేకుండా తక్కువ రిజల్యూషన్‌లో పిక్సెల్స్‌గా మార్చడం, దానిపై మీ సిబ్బంది తప్పుడు సలహా ఇవ్వడం.

నేను పుస్తకాలకు పేజీలు కూర్చే పని చేస్తాను. ఇటీవల ఒక పిల్లల కథల పుస్తకంలో ఒక పేజీలోని బొమ్మ రంగు సరిచేయవలసి వచ్చి, ఆ పేజీ పీడీఎఫ్‌ను మీ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, పని ముగించి, మళ్లీ పీడీఎఫ్‌గానే సేవ్ చేసి అచ్చుకు పంపాను. తెర మీద నాకు ఏ లోపమూ కనిపించలేదు. పుస్తకం అచ్చయి వచ్చాక చూస్తే, మిగతా పేజీల్లో అక్షరాలు చెక్కినట్టు ఉండగా ఆ ఒక్క పేజీలో మాత్రం తడిచేత్తో అలికినట్టు ఉన్నాయి. భూతద్దం పెట్టి చూశాను. ‘కథ’లో ‘థ’ కడుపులోని చుక్క పూడిపోయి అది ‘ధ’లా కనిపిస్తోంది. వత్తులు పై అక్షరాలకు అతుక్కుపోయాయి. అప్పుడప్పుడే చదవడం నేర్చుకుంటున్న పిల్లల చేతికి వెళ్లే పేజీ అది.

ఇలా ఎందుకు జరిగిందో తెలుసుకున్నాకే ఈ లేఖ రాస్తున్నాను. నేను తెరిచినలాంటి వెక్టర్ పీడీఎఫ్‌లో అక్షరం ఒక బొమ్మగా ఉండదు. ఫాంటులోని వంపుల గణితంగా ఉంటుంది కనుక ఎంత పెద్దది చేసినా దాని అంచు చెదరదు. మీ సాఫ్ట్‌వేర్ ఆ ఫైలును తెరిచే క్షణంలోనే ఆ వంపులను చెరిపి, వాటి స్థానంలో చదరాల గళ్లు, అంటే పిక్సెల్స్, నింపుతుంది. ఆ గళ్లు ఎన్ని ఉండాలో నిర్ణయించేది రిజల్యూషన్, అంటే అంగుళానికి ఎన్ని పిక్సెల్స్ అన్న లెక్క. ఫైలు తెరిచేటప్పుడు వచ్చే పెట్టెలో మీరు ముందుగానే నింపి ఉంచిన అంకె 72. ఆ లెక్కన ఏ4 పేజీ 595 × 842 పిక్సెల్స్‌కు, అంటే సుమారు 5 లక్షల గళ్లకు కుదించుకుపోతుంది. అచ్చుకు సాధారణంగా వాడే 300 వద్ద అదే పేజీకి 2480 × 3508, అంటే దాదాపు 87 లక్షల పిక్సెల్స్ ఉంటాయి. అంగుళంలో 72వ వంతు ఒక పాయింటు కాబట్టి, 72 రిజల్యూషన్‌లో 10 పాయింట్ల అక్షరానికి దక్కే ఎత్తు 10 పిక్సెల్స్ మాత్రమే. తలకట్టు, గుడి, వత్తు అన్నీ అందులోనే ఇమడాలంటే ‘థ’లోని చుక్కకు ఒక పూర్తి గడి కూడా మిగలదు.

అంచు ఒక గడిలో సగమే పడితే ఆ గడిని బూడిదరంగుతో నింపుతారు. తెర మీద అది కంటికి నునుపుగానే కనిపిస్తుంది, నేను మోసపోయింది కూడా అక్కడే. అచ్చులో బూడిదరంగు సిరా వేరుగా ఉండదు. దాన్ని సన్నని నల్లచుక్కలుగా విడగొట్టి ముద్రిస్తారు కనుక అక్షరం అంచు గరుకుగా చెదిరిపోతుంది. పైగా నా ఫైలులో ఒక్క నల్లసిరాతోనే ఉన్న అక్షరాలు ఆర్‌జీబీలోకి, అంటే తెర వాడే ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల పద్ధతిలోకి మారి, అచ్చుకు వెళ్లేసరికి నాలుగు సిరాల నలుపు అయ్యాయి. ఒక్కో సిరాకు వాడే ముద్రణ ప్లేట్లలో ఒకటి వెంట్రుకవాసి జరిగినా అక్షరం పక్కన రంగుచార కనిపిస్తుంది, ఈ పేజీలో కనిపించింది కూడా.

ఇమేజ్ ఎడిటర్ పిక్సెల్స్ మీదనే పని చేస్తుందని నాకు తెలుసు, దాన్ని తప్పుపట్టడం లేదు. తిరిగి తెచ్చుకోలేని మార్పును ఒక్క మాటైనా చెప్పకుండా చేయడం తప్పు. మళ్లీ పీడీఎఫ్‌గా సేవ్ చేసినప్పుడు పైకి పాత ఫైలులాగే కనిపిస్తుంది కానీ, లోపల అక్షరాలు ఉండవు, పేజీ బొమ్మ ఒక్కటే ఉంటుంది. అందులో ఒక్క పదాన్నైనా వెతకడం కుదరదు.

దీని గురించి మీ సిబ్బందిని అడిగితే, తెరిచిన తర్వాత ఇమేజ్ సైజులో 72ను 300 చేసుకోమన్నారు. ఈ సలహా నన్ను అసలు లోపం కంటే ఎక్కువ బాధించింది. అలా చేస్తే పిక్సెల్స్ 87 లక్షలు అవుతాయి నిజమే, కానీ అందులో 82 లక్షలు పక్క గళ్లను చూసి ఊహించి నింపినవి. పోయిన చుక్క వాటిలో ఎక్కడి నుంచి వస్తుంది? ఫైలును మూసి, మళ్లీ తెరిచేటప్పుడే 300 ఇవ్వమని చెప్పాలి. లేదా బొమ్మను మాత్రమే సరిచేసి, అక్షరాలను పేజీ కూర్చే సాఫ్ట్‌వేర్‌లోనే ఉంచమనాలి.

కాబట్టి పీడీఎఫ్ తెరిచే పెట్టెలో ముందుగా ఉండే అంకెను 300కు మార్చాలని, అక్షరాలు పిక్సెల్స్‌గా మారబోతున్నాయన్న హెచ్చరికను అక్కడే చూపాలని, సేవ్ చేసేటప్పుడు కూడా దాన్ని మరోసారి గుర్తుచేయాలని కోరుతున్నాను. నాకు ఇచ్చిన సలహా తప్పని లిఖితపూర్వకంగా ఒప్పుకుని, మీ సహాయ పేజీల్లోనూ అదే సలహా ఉంటే సరిదిద్దండి. తెరిచిన పీడీఎఫ్, సేవ్ అయిన పీడీఎఫ్, అచ్చయిన పేజీ స్కాన్ ఈ లేఖతో జతచేస్తున్నాను. ఏ మార్పు ఎప్పటిలోగా చేస్తారో తెలియజేయగలరు.

ఇట్లు,
మీ సాఫ్ట్‌వేర్ వినియోగదారు